ఊపిరితిత్తుల శస్త్రచికిత్సలో సత్వర కణజాల పరీక్ష, కణపరీక్ష

రోగి మత్తులో బల్లపై నుండగానే, తెఱచిన ఱొమ్మును మూయకమునుపే, ఊపిరితిత్తినుండి కోసి తీసిన తునుకను గడ్డకట్టించి పలుచని పొరలుగా తఱిగి యైనను, లేక దాని కోతముఖమును గాజుపలకపై నద్ది యైనను, రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూచి, అది యేమి వ్యాధియో, ఎంతవఱకు వ్యాపించినదో నిమిషములలో శస్త్రవైద్యునకు తెలియజేయు విధానమును సత్వర పరీక్ష యందురు. పొరలను తఱిగి చూచునది కణజాల పరీక్ష. విడివడిన కణములను చూచునది కణపరీక్ష. మొదటిదానికి ఆసుపత్రులలో ఫ్రోజెన్ సెక్షన్ అను పేరే స్థిరపడినది. ‘ముక్కను ఫ్రోజెన్‌కు పంపినాము’ అనుట అచ్చటి నిత్యవ్యవహారము. రెండవదానిని అద్దకము, గీరుడు, కడుగునీరు, సూదితో పీల్చిన నమూనా యని, కణములను సేకరించిన తీరునుబట్టి పలు పేర్లతో పిలుతురు.

సాధారణముగా కోసి తీసిన అవయవభాగమును ఫార్మలిన్‌లో నానబెట్టి, ఆల్కహాలుచే అందలి నీటిని క్రమక్రమముగా తొలగించి, కరగిన మైనమును పట్టించి, ఆ మైనపు దిమ్మను తఱిగి రంగువేసి చూచి నిర్ణయము చెప్పుటకు తక్కువలో తక్కువ ఒక దినమైనను పట్టును. క్లిష్టమైన వ్యాధులలో వారము పట్టుటయు వింత కాదు. చర్మముపై లేచిన కురుపు విషయమున ఈ జాప్యము వలన నష్టమేమియు లేదు. ఊపిరితిత్తి సంగతి వేఱు. ప్రక్కటెముకల నడుమ దారి చేసికొని, ఒకవైపు ఊపిరితిత్తికి గాలి నిలిపి, రెండవదానితోనే రోగిని బ్రదికించుచు సాగించు ఈ శస్త్రచికిత్సను నేడు కొంత, వారము గడచిన పిమ్మట కొంత యని విభజించినచో, మొదటి కోత మానునప్పు డేర్పడిన అతుకుల నడుమ రెండవ కోత దుష్కరమును, కొన్నియెడల అపాయకరమును అగును. పైగా తీసివేసిన ఊపిరితిత్తి మరల మొలచునది కాదు. పొగత్రాగి శ్వాస క్షీణించిన వృద్ధునకు ఒక్కొక్క ఖండమును విలువైనదే. కావున ఎంత తీయవలెను, ఎచ్చట ఆపవలెను అను నిశ్చయము ఆ గంటలోనే, ఆ బల్లమీదనే జరుగవలసియున్నది.

ఈ పరీక్షను సాధారణ పరీక్షకు తొందరపాటు రూపముగా భావించుట పొరపాటు. సాధారణ పరీక్ష వ్యాధినిగూర్చి తెలియదగిన దంతయు తెలుపుటకు యత్నించును. సత్వర పరీక్ష అడిగిన ప్రశ్నకు మాత్రమే బదులు చెప్పును. ఏ సమాధానము వచ్చినను శస్త్రవైద్యుడు చేయబోవు పని మారనిచో ఆ ప్రశ్న అడుగదగినది కాదు. అట్టి ప్రశ్నకై చిన్న గడ్డను గడ్డకట్టించి తఱిగినచో, తరువాతి పరీక్షలకు మిగులవలసిన ధాతువు, అనగా కణజాలము, వృథాగా వ్యయమగును. కావుననే ఈ వ్యాసమున పరీక్షావిధానములు ఆయా ప్రశ్నల వెంబడి వివరింపబడినవి.

చరిత్ర

అమెరికాలో బాల్టిమోరు నగరమందలి జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో 1891లో విలియం వెల్చ్ అను రోగవిజ్ఞాని, హాల్‌స్టెడ్ అను ప్రసిద్ధ శస్త్రవైద్యుడు కోయుచున్న స్తనపు గడ్డను గడ్డకట్టించి చూడబోయెను. ఆయన చూచి చెప్పులోపల శస్త్రచికిత్సయే ముగిసిపోయెను. అచ్చటనే థామస్ కల్లెన్ 1895లో గడ్డకట్టించిన పొరలను ఫార్మలిన్‌తో స్థిరపఱచు పద్ధతిని ప్రకటించెను. అయినను ఈ విద్య నిత్యోపయోగమునకు వచ్చినది 1905లో, మిన్నిసోటా రాష్ట్రమున రాచెస్టరు పట్టణమందలి మేయో వైద్యాలయమున. రోగి బల్లపై నుండగానే గడ్డ కేన్సరో కాదో చెప్పు ఉపాయమును వెదకుమని విలియం మేయో కోరగా, అప్పుడే కొత్తగా చేరిన లూయీ విల్సన్ ఆ చలిదేశపు జనవరి మాసమునే తనకు సాధనముగా చేసికొని, కిటికీ వెలుపలి గాలిలో ధాతువును గడ్డకట్టించి, మిథిలీన్ బ్లూ అను నీలిరంగు పట్టించి చూచెనని చెప్పుదురు. ఆ యేడే ఆయన తన పద్ధతిని అమెరికా వైద్యసంఘపు పత్రికలో ప్రకటించెను.

కణపరీక్షను ఈ పనికి వినియోగించినవారు లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రికి చెందిన డడ్జన్, పాట్రిక్ అనువారు. తాజా గడ్డల కోతముఖమును గీరి, ఆ గీరుడును ఆరనీయక తడిగానే స్థిరపఱచి, రంగువేసి చూచిన 200 మంది రోగుల వృత్తాంతమును వారు 1927లో ప్రకటించిరి. డడ్జనే 1935లో రిగ్లీతో కలిసి, కఫమునందలి కణములను చూచి ఊపిరితిత్తి కేన్సరును గుర్తించుటనుగూర్చి వ్రాసెను. గడ్డకట్టించు యంత్రము లేకున్నను, గాజుపలకలును రెండు మూడు రంగుసీసాలును ఉన్నచో జరిగిపోవు ఈ పద్ధతికి రావలసినంత పేరు రాలేదు.

కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో లిండర్‌స్ట్రోమ్-లాంగ్, మోగెన్సెన్ అనువారు 1938లో, ధాతువును తఱుగు మైక్రోటోము యంత్రమును శీతలపేటికలోనే అమర్చి క్రయోస్టాట్‌ను రూపొందించిరి. ధాతువులందలి రసాయనములను కొలుచుట వారి యుద్దేశము; శస్త్రచికిత్స వారి తలంపున లేదు. రెండవ ప్రపంచ సంగ్రామానంతరము అది ఆసుపత్రులలో ప్రవేశించి, కత్తియు ధాతువును గాజుపలకయు ఒకే చలిలో నుండునట్లు చేసి, అంతకుముందు చేతి నేర్పుపై నాధారపడిన పనిని యంత్రముచే నిలకడగా జరుగుదానిగా మార్చెను.

ఊపిరితిత్తుల శస్త్రచికిత్స మాత్రము చాలకాలము శైశవముననే యుండెను. 1933 ఏప్రిల్ 5న సెయింట్ లూయీ నగరమున ఎవార్ట్స్ గ్రహాం, కేన్సరు సోకిన ఒక వైద్యుని ఎడమ ఊపిరితిత్తిని సమూలముగా తీసివేసెను. ఒక ఖండమును మాత్రమే తీయదలచి ఱొమ్ము తెఱచినవాడు, గడ్డ శ్వాసనాళము వెంబడి రెండవ ఖండపు మొదటివఱకు ప్రాకియుండుట చూచి, అక్కడికక్కడ నిశ్చయము మార్చుకొనెను. ఆ రోగి మఱి ముప్పది యేండ్లు బ్రదికెను. గ్రహాం తానే 1957లో ఊపిరితిత్తి కేన్సరుతో మరణించెను. ఆనాడు కన్నును చేతివ్రేళ్లును చెప్పిన సమాధానమునకే నేడు సూక్ష్మదర్శిని నాశ్రయించుచున్నారు.

ఊపిరితిత్తి ధాతువును గడ్డకట్టించుట

కాలేయము, మూత్రపిండము వంటి గట్టి యవయవములు చలికి చక్కగా బిగియును. ఊపిరితిత్తి యట్లు కాదు. నీటిలో వేసిన తేలునంతటి గాలి దానిలో నుండును. గాలి చలిని మెల్లగా ప్రసరింపజేయును గనుక ముక్క ఒకచోట బిగిసి మఱియొకచోట మెత్తగనే యుండును. కత్తి తగులగానే చినుగును. అంతకంటె చిక్కైనది వేఱొకటి గలదు. బయటికి తీసిన వెంటనే గాలి జాఱి, వాయుకోశముల పలుచని గోడలు ఒకదానిపై నొకటి ముడుచుకొని పడును. అట్లు ముడుచుకొనిన గోడలు సూక్ష్మదర్శినిలో, కేన్సరు కణములు గుంపులు గట్టి ధాతువులోనికి చొచ్చుకొనిపోయినట్లే కనబడును. గోడల వెంబడి ప్రాకుటకును, గోడలను ఛేదించి చొచ్చుటకును గల భేదమే చికిత్సను నిర్ణయించు చోట, ఈ భ్రాంతి చిన్నది కాదు. దీనికి విరుగుడుగా, గడ్డకట్టించుటకు వాడు జిగురును పలుచన చేసి, సన్నని సూదితో ముక్కలోనికి మెల్లగా ఎక్కించి, వాయుకోశములను మరల ఉబ్బింపజేయుదురు. పని రెండు మూడు నిమిషములు; ఫలము మాత్రము, ముడుచుకొనిన గొడుగును విప్పి చూచినట్లుండును.

గడ్డకట్టుటలో వేగమును ముఖ్యము. ధాతువులోని నీరు నెమ్మదిగా గడ్డకట్టినచో పెద్ద పలుకులై, కణములను చీల్చి, పొరయంతయు జల్లెడవలె చిల్లులు పడజేయును. అందుచే కొందఱు −196 డిగ్రీల ద్రవ నత్రజనిలో చల్లార్చిన ఐసోపెంటేనులో ముక్కను ముంచుదురు. పెక్కు ఆసుపత్రులలో మాత్రము క్రయోస్టాట్‌లోని సుమారు −20 డిగ్రీల చలియే యాధారము. ముక్కను ఫార్మలిన్‌లో వేయక, ఉప్పునీట తడిపిన గుడ్డలో చుట్టి పంపవలెను. రోగవిజ్ఞాని దానిని ముందుగా వ్రేళ్లతో తడవి గడ్డ యెచ్చట నున్నదో గుర్తించి, కోసి, ఏ భాగమును తఱుగవలెనో యెంచుకొనును. తరువాత సుమారు 5 మైక్రాన్ల మందము గల పొరలను తీసి, హిమటాక్సిలిన్, ఇయోసిన్ అను నీలి, ఎఱుపు రంగులు వేయుదురు. ఒక్క ముక్క మాత్రమే యున్నప్పుడు ముక్క యందిన క్షణమునుండి 20 నిమిషములలో సమాధానము చెప్పుట అమెరికాలోని రోగవిజ్ఞానుల సంఘము విధించుకొనిన ప్రమాణము. ఆ యిరువది నిమిషములలో ఎక్కువ భాగము గడచునది సూక్ష్మదర్శిని వద్ద గాదు, చలిపేటిక వద్దనే.

కణపరీక్షకు ఈ చిక్కులు లేవు. కోతముఖముపై గాజుపలకను తాకించి యెత్తినచో కేన్సరు కణములు దానికి సులభముగా నంటుకొనివచ్చును. కేన్సరు కణములకు పరస్పరబంధము సడలియుండుట యిందులకు కారణము. ఆరబెట్టి వేయు డిఫ్-క్విక్ రంగునకు ఒకటి రెండు నిమిషములు చాలును. పాపనికోలా రంగునే 90 సెకండ్లకు కుదించిన పద్ధతియు గలదు. ధాతువు ఏమాత్రమును వ్యయము గాదు. మంచుపలుకులు లేవు గనుక కణకేంద్రము యొక్క రూపము గడ్డకట్టించిన పొరలోకంటె స్పష్టముగా కనబడును. కాని కణములు ఎచ్చటనుండి వచ్చినవో, గోడను దాటినవో లేదో అద్దకము చెప్పజాలదు. ఊరివారి మొగములన్నియు చూపి, ఏ యిల్లు ఎవరిదో చెప్పని పటము వంటి దది. అందుచే అనుభవజ్ఞులు రెంటిని కలిపియే వాడుదురు.

గడ్డ యేమి?

సీటీ చిత్రముల వలన నేడు ఒక సెంటీమీటరు, ఒకటిన్నర సెంటీమీటరు గల గడ్డలు పెక్కు బయటపడుచున్నవి. వెలుపలినుండి సూదితో వీనిని అందుకొనుట అన్నివేళల సాధ్యము గాదు. అట్టియెడ పుచ్చకాయ పండినదో లేదో తెలియుటకు గాటుపెట్టి ముక్క తీసినట్లు, గడ్డను చుట్టుపట్ల ధాతువుతో గూడ కొనతేలిన ముక్కగా కోసి పరీక్షకు పంపుదురు. కేన్సరు కాదని తేలినచో శస్త్రచికిత్స అంతటితో ముగియును. అగునన్నచో ఖండమో, ఉపఖండమో తీయుటకు సాగుదురు.

మన దేశమున ఈ ప్రశ్నకు క్షయ యొక ప్రత్యేకత నిచ్చినది. క్షయ వలన నేర్పడిన గడ్డ చిత్రములలో కేన్సరువలె కనబడుటయు, కేన్సరు గడ్డను క్షయగా భ్రమించి మాసముల తరబడి మందులిచ్చుటయు ఇచ్చటి వైద్యులకు చిరపరిచితములు. పొరలో గ్రాన్యులోమా అను కణగుల్మములును, వాని నడుమ జున్నువంటి మృతపదార్థమును కనబడినచో క్షయ యని అనుమానింపవలెను. కాని శిలీంధ్రములును అట్టి రూపమునే కల్పించును. కావున అప్పుడు రోగవిజ్ఞాని చెప్పవలసిన మాట ‘క్షయ’ యని గాక, ‘గ్రాన్యులోమా, ఒక ముక్కను ఫార్మలిన్‌లో వేయక క్రిమిపరీక్షకు పంపుడు’ అని. ఈ యొక్క మాట మఱచినందున, ఉన్న ధాతువంతయు ఫార్మలిన్‌లో పడి, ఏ మందునకు లొంగు క్రిమియో తెలిసికొను మార్గము మూసికొనిపోవుట గలదు. ఇంకొక సంగతి. చలికి క్షయక్రిమి చావదు. పొరలు తఱుగునప్పుడు లేచు నలుసులు పీల్చిన పనివానికి వ్యాధి సోకవచ్చును. తరువాతి ముక్కలకు పేటిక కలుషితమగును. అందుచే క్షయ యనుమానము బలముగా నున్నచో తఱుగుట మాని అద్దకముతో సరిపెట్టుకొందురు. తఱిగినచో పేటికను నిలిపి శుద్ధిచేయుదురు. అద్దకము అగ్రస్థానమున నిలుచు సందర్భము లిట్టివే.

మోసపుచ్చు వ్యాధులు మఱికొన్ని కలవు. మానుచున్న న్యుమోనియాలో వాయుకోశముల గోడకణములు ఉబ్బి, కేన్సరు కణములను తలపించును. స్క్లీరోసింగ్ న్యుమోసైటోమా అను నిరపాయమైన గడ్డ, 1956లో లీబో, హబ్బెల్ అనువారు రక్తనాళముల గడ్డగా తలంచి వర్ణించినది, గడ్డకట్టించిన పొరలో అడినోకార్సినోమావలె కనబడి, అనవసరముగా ఖండము తీయించిన సందర్భములు వైద్యసాహిత్యమున నున్నవి. కార్సినాయిడ్ అను మందగతి గల గడ్డకును, చిన్నకణముల ఉగ్ర కేన్సరునకును గల భేదము, ముక్క నలిగినప్పుడు పొరలో తెలియదు. అద్దకములో తఱచుగా తెలియును. లింఫోమా యని తోచినచో మాత్రము నిర్ణయమును వాయిదా వేసి ధాతువును కాపాడుటయే ఉచితము.

గడ్డ కేన్సరే యైనను ఊపిరితిత్తిలో పుట్టినదా, మునుపు ప్రేవులలోనో స్తనములోనో తీసివేసిన కేన్సరునుండి వచ్చినదా యను ప్రశ్న మిగులును. పుట్టినదైనచో ఖండమును లసికాగ్రంథులను తీయవలెను. వచ్చినదైనచో గడ్డ మేరకు తీయుట చాలును. కంటికి రెండు నొకటిగనే కనబడవచ్చును. ఇచ్చటనే ప్రతిరక్షకములతో రంగువేయు పద్ధతి యక్కఱకు వచ్చును. కాని మామూలుగా దానికి కొన్ని గంటలు పట్టును. జపానులోని అకితా విశ్వవిద్యాలయమున మినామియా ప్రభృతులు దీనికొక చమత్కారమైన ఉపాయము కనుగొని 2011లో ప్రకటించిరి. ప్రతిరక్షక ద్రావణపు సన్నని బొట్టును పొరపై నుంచి, దానిపై దిశ మార్చుచుండు విద్యుత్ క్షేత్రమును ప్రయోగించినచో, బొట్టు దేనికిని తగులకయే తనలో తాను కలియబడును. నిశ్చలమైన బొట్టులో నెమ్మదిగా క్రిందికి దిగవలసిన ప్రతిరక్షకము ఇట్లు పొరను మాటిమాటికి తాకి వెంటనే యంటుకొనును. గంటల పని సుమారు 20 నిమిషములకు దిగుటయే గాక, ఖరీదైన ప్రతిరక్షకము కొద్దిగనే పట్టును. టీటీఎఫ్-1 అను గుర్తు పట్టినచో ఊపిరితిత్తిలో పుట్టిన అడినోకార్సినోమా యనియు, పీ40 పట్టినచో పొలుసుకణముల కేన్సరనియు చాలవఱకు నిశ్చయింపవచ్చును. మజ్జిగ చిలికినట్లు బొట్టును చిలుకుటయే దీని రహస్యము. గొప్ప యంత్రములకంటె ఇట్టి చిన్న యూహలే ఈ శాస్త్రమును ముందుకు నడిపినవని ఈ వ్యాసకర్త యభిప్రాయము.

ఎంత తీయవలెను?

గడచిన పదిహేనేండ్లలో సత్వర పరీక్షకు ఇంతటి ప్రాధాన్యము తెచ్చినది ఈ ప్రశ్నయే. ఉత్తర అమెరికాలోని ఊపిరితిత్తి కేన్సరు అధ్యయనబృందము 1995లో ప్రకటించిన పరిశోధనలో, చిన్న కేన్సరులకు ఖండమంతయు తీయక కొంత మేర మాత్రమే తీసినవారిలో ఆ చోటనే వ్యాధి తిరుగబెట్టుట సుమారు మూడు రెట్లుగా కనబడెను. దానితో ఖండమును తీయుటయే సూత్రమై నిలిచెను. కాని సీటీ చిత్రములు రెండు సెంటీమీటర్లకు లోబడిన గడ్డలను, అందును గరుకు గాజువలె మసకగా కనబడు వానిని పట్టియిచ్చుచుండగా, ఆ సూత్రమును మరల ప్రశ్నించుట యనివార్యమయ్యెను.

జపానులో 1106 మందిపై జరిగి 2022లో ప్రకటితమైన పరిశోధనలో, రెండు సెంటీమీటర్లకు మించని గడ్డలకు ఉపఖండమును మాత్రమే తీసినవారిలో ఐదేండ్లు బ్రదికినవారు 94.3 శాతము, ఖండమును తీసినవారిలో 91.1 శాతము. విచిత్రమేమనగా, ఉన్నచోటనే వ్యాధి తిరుగబెట్టుట ఉపఖండము తీసినవారిలో 10.5 శాతము, రెండవవారిలో 5.4 శాతము, వ్యాధి తిరుగబెట్టుట యెక్కువైనను బ్రదుకు తగ్గలేదు. మఱుసటి యేడు అమెరికానుండి వెలువడిన పరిశోధనలో 697 మందిలో, వ్యాధి తిరుగక ఐదేండ్లు గడపినవారు తక్కువ తీసినపుడు 63.6 శాతము, ఖండము తీసినపుడు 64.1 శాతము. ఈ రెండవ పరిశోధన ప్రస్తుత విషయమునకు మిక్కిలి సన్నిహితము. అందు చేరదలచి నమోదైనవారు 1080 మంది. కాని శస్త్రచికిత్స జరుగుచుండగా గడ్డ కేన్సరే యనియు, నియమిత స్థానములందలి లసికాగ్రంథులలో కేన్సరు లేదనియు ఫ్రోజెన్ సెక్షన్‌చే తేలిన పిదపనే రోగి యే పక్షమున చేరునో నిర్ణయించిరి. మిగిలినవారిలో పెక్కుమంది ఆ గుమ్మముకడనే వెనుదిరిగిరి. తక్కువ తీసినను చాలునను సిద్ధాంతము సత్వర పరీక్షను విడిచి నిలువదని దీనివలన తేటపడును. ఆ సిద్ధాంతమును స్వీకరించి పరీక్షను విడిచిపెట్టు ఆసుపత్రి సగము పాఠమునే చదివినట్లు.

మసక గడ్డల విషయమున ప్రశ్న మఱింత సూక్ష్మము. 2011 నాటి అంతర్జాతీయ వర్గీకరణము అడినోకార్సినోమాను మెట్లుగా విభజించినది. మూడు సెంటీమీటర్లకు మించక, వాయుకోశముల గోడల వెంబడి మాత్రమే ప్రాకి, ఎచ్చటను చొచ్చనిది మొదటి మెట్టు. అయిదు మిల్లీమీటర్లకు మించక చొచ్చినది రెండవది. అంతకు మించినది పూర్తిగా చొచ్చుకొనిపోయినది. మొదటి రెండింటిని సమూలముగా తీసినచో వ్యాధి తిరుగుట దాదాపు లేదు. షాంఘై నగరమందలి ఫూడన్ విశ్వవిద్యాలయ కేన్సరు కేంద్రమున 803 మంది రోగుల ఫ్రోజెన్ నిర్ణయములను తుది నిర్ణయములతో పోల్చి 2016లో ప్రకటింపగా, మెట్లన్నింటిని విడివిడిగా లెక్కించినపుడు సుమారు 84 శాతమును, పూర్తిగా చొచ్చుకొనిపోయినదా లేదా యను రెండే తరగతులుగా లెక్కించినపుడు సుమారు 96 శాతమును ఏకీభవించెను. మిల్లీమీటరుల లెక్కలో పరీక్ష తప్పటడుగు వేయును గాని, శస్త్రవైద్యునకు కావలసిన లెక్కలో నిలద్రొక్కుకొనును. అడుగుటలోనే ఉన్నది నేర్పు.

వాయుకోశముల గాలిలో తేలుచు గడ్డ అంచును దాటిపోయిన కేన్సరు కణములను 2015 నాటి ప్రపంచారోగ్యసంస్థ వర్గీకరణము ప్రత్యేకముగా గుర్తించినది. ఇవి యున్నచో కొంచెము తీయుట చాలదని పెక్కుమంది తలంతురు. కాని గడ్డకట్టించిన పొరలో వీనిని పట్టుట కష్టము. ఉన్నవి కనబడకపోవుట యొక దోషము, కత్తియే కణములను ఈడ్చి అచ్చట పడవేయుట మఱియొక దోషము. ఈ ప్రశ్నను సత్వర పరీక్షకు పెట్టుటకు కాలమింకను రాలేదనిపించును.

కోత అంచు

శ్వాసనాళమునకు సమీపమున పుట్టిన గడ్డను తీసినపుడు, నాళపు కోత అంచున కేన్సరు మిగిలినదా యనునది తప్పక అడుగవలసిన ప్రశ్న. నాళపు చివరనుండి ఉంగరము వంటి పలుచని బిళ్లను కోసి గడ్డకట్టించి చూతురు. లండనులో క్లెమెంట్ ప్రైస్ థామస్ 1947లో గడ్డగల నాళభాగమును మాత్రము తీసి రెండు కొసలను మరల అతికి, ఊపిరితిత్తిని దక్కించు పద్ధతి నారంభించిన తరువాత, ఈ ఉంగరమునకు ప్రాముఖ్యము హెచ్చెను. అంచు శుద్ధమని తెలియక అతుకు వేయుట సాహసమే గదా. పైపొరను మాత్రమే చూచి తృప్తిపడరాదు. నాళము చుట్టునున్న లసికాసిరలలో కేన్సరు దాగియుండవచ్చును.

ఊపిరితిత్తి ధాతువునే కోసినపుడు వేఱొక ఇబ్బంది. నేటి యంత్రములు కోయుటయు, సన్నని లోహపు కుట్లు వేయుటయు ఒక్కసారిగా చేయును. ఆ లోహమును క్రయోస్టాట్ కత్తి తఱుగజాలదు. కుట్లను ఊడదీసినచో అసలైన అంచే వానితో పోవును. ఒసాకా ప్రాంతపు వైద్యులు దీనికి కణపరీక్షతో సమాధానము చూపిరి. హిగాషియామా బృందము కోసిన యంత్రపు కుట్లపెట్టెను ఉప్పునీట కడిగి, ఆ కడుగునీటిలోని కణములను చూచెను. సవబాటా అను వైద్యుడు కుట్ల వరుస వెంబడి గాజుపలకను ఒరయుచు లాగి, దానికంటిన కణములను చూచెను. కత్తి చూడలేని అంచును నీరు చూచినది.

లసికాగ్రంథులు, పుప్పుసావరణము

ఊపిరితిత్తి కేన్సరు మొదట చేరునది శ్వాసనాళముల చుట్టును, ఱొమ్ము నడుమను గల లసికాగ్రంథులను. వీనికి సంఖ్యలిచ్చి పటము గీచినవాడు టోక్యోలోని జాతీయ కేన్సరు కేంద్రమునకు చెందిన నారుకే. ఆ పటము 1978లో ప్రకటితమయ్యెను. శస్త్రవైద్యుడు ‘ఏడవ గ్రంథి’ యని చీటీ వ్రాసి పంపుట ఆ సంప్రదాయమునుండి వచ్చినదే. పట్టణపు పొగలోను, వంటింటి పొగలోను బ్రదికినవారి గ్రంథులు మసి పట్టి నల్లగా నుండును. ఆ మసి నడుమ నాలుగైదు కేన్సరు కణములను వెదకుట కంటికి పరీక్ష. గ్రంథిని పలుచని బిళ్లలుగా కోసి ప్రతి ముఖమును అద్దినచో ఎక్కువ మేరను చూచినట్లగును. కేన్సరు కేరాటిన్ గుర్తును అకితా పద్ధతిచే రంగువేసినచో చిన్న గుంపులును బయటపడును. గ్రంథిని మెత్తగా నూఱి, కేరాటిన్-19 సందేశ ఆర్‌ఎన్‌ఏను వృద్ధిచేసి కొలుచు ఓస్నా అను పద్ధతియు జపానులోనే పుట్టినది. ఫలము సంఖ్యగా వచ్చును, కంటి దోషమునకు తావు లేదు. కాని నూఱిన గ్రంథిని మరల ఎవ్వరును చూడలేరు.

గ్రంథుల పరీక్ష శస్త్రచికిత్సకు ముందే జరుగుటయు కలదు. శ్వాసనాళములోనికి పంపిన ధ్వనిచిత్ర గొట్టముతో గ్రంథిని గుర్తించి సూదితో పీల్చునపుడు, కణవిజ్ఞాని ప్రక్కనే నిలిచి, తగిన కణములు వచ్చినవో లేదో చెప్పును. రానిచో మరల గ్రుచ్చుదురు.

ఱొమ్ము తెఱచిన వెంటనే, ఊపిరితిత్తిని ముట్టకమునుపే, దానిని కప్పియుండు పుప్పుసావరణపు కుహరమును ఉప్పునీట కడిగి ఆ నీటిలోని కణములను చూచుట మఱియొక పరీక్ష. కంటికి ఏ దోషమును కనబడని రోగులలోను నూటికి సుమారు ఆరుగురిలో కేన్సరు కణములు ఇట్లు దొరకినవనియు, అట్టివారి భవిష్యము మిగిలినవారికంటె అధమమనియు పలు దేశముల లెక్కలను క్రోడీకరించి 2010లో తెలిపిరి. అయినను ఆ సమాధానము చేతికందిన శస్త్రవైద్యుడు చేయవలసినదేమో యింకను స్థిరపడలేదు. కాబట్టి దీనిని భవిష్యసూచకముగా చూతురే గాని, కత్తిని ఆపు ఆజ్ఞగా చూడరు.

సమాధానము చేరు తీరు

నిర్ణయమును వ్రాతమూలమున పంపుటకు వ్యవధి లేదు గనుక, రోగవిజ్ఞాని ఫోనులోనో, గోడకమర్చిన మాటలపెట్టెలోనో శస్త్రవైద్యునితో స్వయముగా మాటాడును. రోగి పేరు, ముక్క వచ్చిన చోటు ముందుగా చదివి, విన్నవారిచే నిర్ణయమును తిరిగి చెప్పించుట మంచి యాచారము. శస్త్రవైద్యుడును రోగి చరిత్రమును దాచరాదు; పదేండ్ల క్రిందట ప్రేవు కేన్సరు తీసినారను వాక్యము చీటీలో లేక, జరిగిన పొరపాట్లు కలవు. నిశ్చయము కుదరనపుడు ‘మైనపు పొరలవఱకు ఆగుడు’ అనుట ఓటమి కాదు. అదియును ఒక సమాధానమే.

రోగవిజ్ఞాని లేని ఊళ్ల సంగతి యేమి? నార్వే ఉత్తరాగ్రమున కిర్కెనెస్ ఆసుపత్రిలో తఱిగిన పొరలను, 1990 ప్రాంతమున, వందల కిలోమీటర్ల యవతల ట్రోమ్సో నగరమున కూర్చున్న రోగవిజ్ఞానులు తీగెమీద నడచు సూక్ష్మదర్శినితో చూచి నిర్ణయము చెప్పిరి. రోగవిజ్ఞానుల కొఱత గల జపానులోను ఈ దూరదర్శన పద్ధతి వ్యాపించినది. అయితే దూరమునుండి పొరను చూడవచ్చును గాని, గడ్డను వ్రేళ్లతో తడవి ఏ భాగమును తఱుగవలెనో యెంచుకొనుట కుదరదు; అది అచ్చటనున్నవాని చేతి పనియే.

గడ్డకట్టించిన ముక్కలో మిగిలినదానిని చలినుండి తీసి, ఫార్మలిన్‌లో వేసి, మామూలు మార్గమున మైనమెక్కించి మఱునాడు మరల చూచుదురు. తొలిదినపు సమాధానమును ఈ రెండవ సమాధానమును తుది పత్రమున ప్రక్కప్రక్కనే వ్రాయుదురు. రెండును భేదించినచో, దోషము ముక్కను ఎంచుకొనుటలో నున్నదా, ముక్కను చదువుటలో నున్నదా యని విడదీసి నమోదు చేయుదురు. మసక గడ్డల విషయమున తఱచుగా తేలునది మొదటిదే.